మౌలాలి గట్టిమేళం

పర్చూరు దగ్గర ఒక పల్లెలో మౌలాలి అనే సన్నాయి విద్వాంసుడు ఉండేవాడు. ఊదడం మొదలుపెడితే చుట్టుపక్కల పది ఊళ్ళలో అతనికి సాటి లేదు, ఊదడం ఆపితే మాత్రం ఎడమ మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టుకోవడమే పని.

ఆ అలవాటు ఊరికే రాలేదు. మౌలాలి తండ్రి కూడా సన్నాయి వాయించేవాడు. జలుబు కూడా చేయని మనిషి. నలభై ఎనిమిదో ఏట ఒక మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చాడు, మళ్ళీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. తనకు నలభై దాటిన దగ్గర్నుంచి మౌలాలికి ఆ నలభై ఎనిమిది అంకె తప్ప ఇంకో అంకె కనబడలేదు. నాడి డెబ్బై కొట్టుకుంటే ఇంత తక్కువేమిటని భయపడేవాడు. ఎనభై కొట్టుకుంటే ఇంత ఎక్కువేమిటని భయపడేవాడు. సరిగ్గా డెబ్బై అయిదు కొట్టుకుంటే లెక్క తప్పానేమోనని మళ్ళీ మొదలుపెట్టేవాడు.

పొట్టలో గ్యాసు కదిలితే అది గుండెపోటు. వేలు తిమ్మిరెక్కితే అది పక్షవాతం. ఆవులింత వస్తే ఒంట్లో గాలి చాలడం లేదని అర్థం. భార్య హుసేనమ్మ పప్పులో రెండు పచ్చిమిరపకాయలు ఎక్కువ వేసిందంటే ఆ రోజు ఇంట్లో ఎవరూ ప్రశాంతంగా అన్నం తినేవాళ్ళు కాదు.

"ఏందయ్యా, గుండె నీ ఒక్కడికే ఇచ్చాడా ఆ పైవాడు? మాకూ ఉంది. మేం దాన్ని పలకరిస్తున్నామా?" అనేది హుసేనమ్మ. అనేదే కానీ, భర్త పడుకున్నాక ఊపిరి ఆడుతోందో లేదోనని ఆమే ఒకసారి వంగి చూసేది. భయం అంటువ్యాధి మరి.

పక్క టౌన్లో వైదేహి అనే డాక్టరమ్మ ఉండేది. మౌలాలి గుండెకు చేయాల్సిన పరీక్షలన్నీ ఆమె చేసింది. ఈసీజీ తీసింది, రక్తం చూసింది, పెద్దాసుపత్రికి పంపి కదిలే బెల్టు మీద నడిపించి మరీ చూపించింది. అన్నీ బాగున్నాయి. "మీ గుండె మీ సన్నాయి అంత గట్టిది. ఏడాదికి ఒకసారి వచ్చి చూపించుకోండి, చాలు" అంది. మౌలాలి చేతులెత్తి దండం పెట్టి బయటికొచ్చాడు. బస్టాండు దాకా ఆనందంగా నడిచాడు. బస్సు ఎక్కి కూర్చోగానే అనుమానం పుట్టింది. 'ఆ కాగితాలు నావేనా, ఇంకెవరివో నాకిచ్చారా?' వచ్చే సోమవారం మళ్ళీ వెళ్ళాడు. ఆ తర్వాత ప్రతి సోమవారం వెళ్ళాడు. అలా ఆరేళ్ళు గడిచాయి.

ఇలా ఉండగా ఇంకొల్లులో ఒక పెళ్ళికి మౌలాలి మేళం కుదిరింది. డోలు వాయించేది అతని బావమరిది సిలారు, హుసేనమ్మకు స్వయానా తమ్ముడు. ఇద్దరూ ఇరవై ఏళ్ళుగా కలిసి వాయిస్తున్నారు. సన్నాయి ఎటు తిరుగుతుందో డోలుకు ముందే తెలిసిపోయే జోడీ అది.

మాంగల్యధారణ సమయం వచ్చింది. పురోహితుడు వేలు పైకెత్తి గిరగిరా తిప్పుతూ "గట్టిమేళం, గట్టిమేళం" అన్నాడు. ఆ క్షణంలో మేళం ఎందుకంత గట్టిగా మోగుతుందో మీకు తెలుసు కదా. తాళి పడేటప్పుడు ఎవరైనా తుమ్మినా, అపశకునం మాట అన్నా వధూవరుల చెవిన పడకూడదని. మౌలాలి ఊదడం మొదలుపెట్టాడు. పక్కన సిలారు మంచి ఊపు మీద ఉన్నాడు. చేతులు వేగం పెంచి, మూడేసి దెబ్బల నడకలోకి దిగాడు. తకిట తకిట తకిట.

మౌలాలి ఛాతీలో ఏదో గెంతింది. తకిట తకిట తకిట. గుండె లయ తప్పిందనుకున్నాడు. ఒళ్ళంతా చెమట పట్టింది. సన్నాయి నోట్లోంచి తీసేసి మణికట్టు పట్టుకున్నాడు. సన్నాయి ఆగిపోయేసరికి కంగారుపడి సిలారు కూడా డోలు ఆపాడు. పందిరి మొత్తం నిశ్శబ్దమైపోయింది. సరిగ్గా ఆ నిశ్శబ్దంలో పెళ్ళికొడుకు మేనత్త పక్కావిడతో చెబుతున్న మాట పందిరి చివరిదాకా స్పష్టంగా వినబడింది. "పిల్లకి కాస్త మెల్లకన్నేమోనని నా అనుమానం."

ఆ తర్వాత జరిగింది చెప్పకుండా ఉండటమే మర్యాద. పెళ్ళయితే అయింది కానీ, రెండు వైపులవాళ్ళూ విడివిడి బంతుల్లో భోంచేశారు. మేళం వాళ్ళకు తాంబూలం ఇచ్చినవాళ్ళు లేరు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో సిలారు డోలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చివరికి అడిగాడు. "ఏమైంది బావా?"

"గుండె లయ తప్పింది రా."

"ఎట్లా తప్పింది?"

మౌలాలి సీటు మీద వేళ్ళతో కొట్టి చూపించాడు. తకిట తకిట తకిట. సిలారు నోరు తెరిచి అతని వంక చూశాడు.

"బావా, అది నేను వాయించింది."

ఇరవై ఏళ్ళుగా పక్కన మోగుతున్న డోలును తన గుండె అనుకున్నాడు పెద్దమనిషి. ఆటో తోలేవాడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఇంకొకరైతే సిగ్గుపడి, నవ్వేసి, అక్కడితో భయాన్ని వదిలేసేవాళ్ళు. మౌలాలి మాత్రం, "ఇవాళ నీ డోలే కావచ్చు. రేపు నిజంగా నా గుండే అయితే?" అన్నాడు. భయానికి ఆ ఒక్క ప్రశ్న చాలు. దానికి జవాబు ఏ డాక్టరూ చెప్పలేడు.

మర్నాడు మౌలాలి సన్నాయిని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేశాడు. "ఈ భయం పూర్తిగా పోయిన రోజున మళ్ళీ తీస్తా" అన్నాడు.

భయం పోలేదు సరికదా, దానికి ఇల్లంతా ఖాళీ దొరికింది. ఇదివరకు వాయించే ఆ రెండు మూడు గంటలైనా అది బయట నిలబడేది. ఇప్పుడు పొద్దున్నే మంచం దగ్గరే పలకరిస్తోంది. మౌలాలి నడవడం తగ్గించాడు, మెట్లెక్కడం మానేశాడు, పెళ్ళిళ్ళవైపు పోవడం మానేశాడు. ఒంట్లో శక్తి తగ్గింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. "చూశారా, నేను చెప్పలా" అనేవాడు. చెప్పినమాట నిజం చేసుకోవడంలో మనిషిని మించినవాడు లేడు.

నాలుగు నెలలయ్యాక సిలారు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎప్పుడూ సరాసరి వంటింట్లోకి పోయి అక్కను టీ అడిగేవాడు, ఆ రోజు లోపలికి రాలేదు.

"చీరాల మేళం వాళ్ళు నన్ను రమ్మంటున్నారు బావా. డోలు ఒక్కటే పట్టుకుని నేనేం చేయను? వైశాఖం ముహూర్తాలదాకా ఆగుతానని చెప్పా. అప్పటికి నువ్వు సన్నాయి తీస్తే సరే. లేకపోతే..." అని ఆగిపోయాడు.

"వెళ్ళరా. నా కోసం నీ బతుకెందుకు పాడుచేసుకోవడం" అన్నాడు మౌలాలి. సిలారు వెళ్ళిపోయాక గోడవైపు తిరిగి ఏడ్చాడు. తండ్రి పోయిన తర్వాత అతను ఏడవడం అదే మొదటిసారి. ఇరవై ఏళ్ళ జోడీ, తండ్రి చేతిలోంచి వచ్చిన విద్య రెండూ తన కళ్ళముందే పోతున్నాయి. తీసుకుపోతున్నది జబ్బు కాదని, జబ్బు వస్తుందేమోనన్న భయమని అతనికి తెలుసు. తెలిసీ లేవలేకపోవడమే అతని బాధ.

సోమవారం వచ్చింది. అలవాటు ప్రకారం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి చొక్కా గుండీలు విప్పాడు. ఆమె స్టెతస్కోపు తీయలేదు. సొరుగులోంచి పసుపు రాసిన శుభలేఖ తీసి, దాని మీద తమలపాకులూ వక్కలూ పెట్టి ఇచ్చింది.

"మా హరిత పెళ్ళి. వైశాఖంలో. మేళం మీదే."

మౌలాలి చొక్కా గుండీలు మళ్ళీ పెట్టుకున్నాడు. "నా వల్ల కాదు డాక్టరమ్మా. ఇంకొల్లు సంగతి మీరు వినే ఉంటారు."

"విన్నాను. మెల్లకన్ను సంగతి కూడా విన్నాను" అంది డాక్టరమ్మ నవ్వు దాచుకుంటూ. "మీ గుండె గురించి ఈ జిల్లాలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు కదా. నాకున్నది ఒక్క కూతురు. దాని తాళి ముహూర్తం మీ గుండె మీద పెడుతున్నాను. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నేను రాసివ్వలేను."

"ముందు ఈ భయం పోనివ్వండి. అప్పుడు తప్పకుండా వాయిస్తా."

"ఎప్పుడు పోతుంది?"

మౌలాలి చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ మణికట్టు మీదికి పోయింది.

"ఆరేళ్ళుగా మీకేం లేదని చెబుతున్నాను. నా మాట బస్టాండు దాకా పనిచేస్తోంది, అంతే. ఇక అది మందు కాదు, మీకు అలవాటు. ఆ అలవాటు చేసినదాన్ని నేనే కాబట్టి నేనే మాన్పించాలి" అంది డాక్టరమ్మ. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుని మెల్లగా చెప్పింది. "మెట్లెక్కుతుంటే ఛాతీ బిగుసుకుపోయి, చెయ్యి లాగి, చెమటలు పడితే ఆ క్షణమే రండి. ఎప్పుడొచ్చినా చూస్తాను. అది నా పని. అది కాకుండా 'ఏమో, ఏమవుతుందో' అనే గోల ఒకటి ఉంది చూడండి, దాన్ని వెళ్ళగొట్టాలని చూడకండి. అది పోదు. వస్తే రానివ్వండి. మీరు మాత్రం చేస్తున్న పని ఆపకండి. రేపట్నుంచి రోజూ పది నిమిషాలు నడవండి, పది నిమిషాలు వాయించండి. భయం ఉన్నా సరే, లేకపోయినా సరే. నాడి పట్టుకోవద్దు. సోమవారం రావద్దు."

"నాడి పట్టుకోకుండా ఎట్లా?"

"రెండు చేతులూ సన్నాయి మీద ఉంచండి. పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదుగా."

ఆ సాయంత్రం మౌలాలి సన్నాయి పెట్టె తెరిచాడు. సన్నాయి కొసన ఊదే పీక ఎండిపోయి ఉంది. నోటితో తడిపి, బిస్మిల్లా అనుకుని ఊదాడు. రెండు నిమిషాలకే ఛాతీలో దడ మొదలైంది. ఆపేశాడు. మర్నాడు నాలుగు నిమిషాలు ఊదాడు. ఆ మర్నాడు భయంతో అసలు పెట్టే తీయలేదు. హుసేనమ్మ ఏమీ అనకుండా పెట్టె తెచ్చి ఒళ్ళో పెట్టి పోయింది. పది నిమిషాలు అరగంటయింది. అరగంట గంటయింది. దడ వచ్చేది, గొంతు ఎండేది, వేళ్ళు తిమ్మిరెక్కేవి. వాటితోపాటే వాయించేవాడు. చెరువు గట్టుదాకా నడకకు పోతే ఆయాసం కూడా తగ్గుతూ వచ్చింది. మధ్యలో రెండు సోమవారాలు చెప్పులు వేసుకుని బస్సుకోసం రోడ్డుదాకా వెళ్ళి, తిట్టుకుంటూ వెనక్కొచ్చాడు. మూడో సోమవారం ఆ రోజు సోమవారమని సాయంత్రందాకా గుర్తురాలేదు.

సిలారును పిలిపించాడు. "పోయేలోపు ఇదొక్కటి వాయిద్దాం రా" అన్నాడు. సిలారు డోలు తెచ్చుకున్నాడు. కానీ చీరాల వాళ్ళకు రానని మాత్రం చెప్పలేదు.

పెళ్ళిరోజు వచ్చింది. పొద్దున పదకొండు గంటలకు ముహూర్తం. మేళం వాళ్ళు పందిట్లోకి వచ్చేసరికి వేదిక పక్కన మనిషంత ఎత్తున రెండు స్పీకర్లు, వైర్లు, ఒక పెట్టె కనబడ్డాయి. పెళ్ళికొడుకు బాబాయి రామకోటేశ్వరరావు దగ్గరుండి పెట్టిస్తున్నాడు. భారీ మనిషి. ఎవరినీ నొప్పించకుండా మాట్లాడతానని అతని నమ్మకం.

"ఏమనుకోకండి సాహెబు గారూ. ఇంకొల్లులో ఏదో జరిగిందని విన్నాం. ఎందుకైనా మంచిదని గట్టిమేళం రికార్డింగు తెప్పించాం. మీరు ఆపితే మావాడు మీట నొక్కుతాడు. మీరేం ఇబ్బంది పడొద్దు. హాయిగా ఆపేయొచ్చు."

మౌలాలికి తల కొట్టేసినట్టయింది. సిలారు దవడ బిగించాడు. అవమానం అలా ఉంచండి, అసలు ప్రమాదం ఆ 'హాయిగా' అన్న మాటలో ఉంది. ఆపడానికి దారి ఉందని తెలిశాక భయానికి కొమ్ములొస్తాయి. మీట నొక్కితే పని జరిగిపోతుంది, ఎవరి పెళ్ళీ చెడదు. ఒక్క మౌలాలి మాత్రం ఆ తర్వాత జన్మలో సన్నాయి ముట్టుకోడు. అది అతనికి స్పష్టంగా తెలుసు.

వధూవరులు పీటల మీద కూర్చున్నారు. డాక్టరమ్మ పట్టుచీరలో కూతురి వెనక నిలబడి ఉంది. ఆమె మౌలాలి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. పొయ్యి మీద కూర సంగతి వంటమనిషికి వదిలేసిన ఇల్లాలిలా నిశ్చింతగా ఉంది.

పురోహితుడు వేలెత్తాడు. "గట్టిమేళం!"

మౌలాలి ఊదాడు. డోలు అందుకుంది. నాలుగు ఊపిళ్ళు గడిచాయో లేదో ఛాతీలో దడ మొదలైంది. గొంతు ఎండింది. కుడి చూపుడువేలు తిమ్మిరెక్కింది. 'నీ తండ్రికి నలభై ఎనిమిది, నీకు నలభై ఏడు, ఆపు' అంది భయం. వేళ్ళు సన్నాయి మీద వదులవుతున్నాయి. పక్కచూపుతో చూశాడు. రికార్డింగు మనిషి వేలు మీట మీద ఉంది.

అప్పుడే ఎదుటి వరసలో కూర్చున్న రామకోటేశ్వరరావు ముఖం వింతగా మారింది. ముక్కు ఎగబీల్చాడు. కళ్ళు మూసుకున్నాడు. నోరు తెరిచాడు. భారీకాయం మొత్తం కుర్చీలోంచి ఎగిరిపడేలా తుమ్మాడు. జేబురుమాలు తీసేలోపు ఇంకోసారి తుమ్మాడు. మౌలాలి కళ్ళారా చూశాడు. కానీ వినబడలేదు. అతనికే కాదు, పక్క కుర్చీలో ఉన్నావిడకు కూడా వినబడలేదు. ఆవిడ తాళి వైపే చూస్తూ అక్షింతలు పట్టుకుని ఉంది.

ముప్ఫై ఏళ్ళుగా తను చేస్తున్న పని ఏమిటో మౌలాలికి ఆ నిమిషంలో అర్థమైంది. పందిట్లో అయిదు వందలమంది ఉంటారు. ఎవరో ఒకరు తుమ్ముతారు, ఎవరో ఒకరు చెడ్డమాట అంటారు. ఏ మేళగాడైనా కిందికి దిగి వాళ్ళ ముక్కులు మూశాడా? అందరూ నోరు మూసుకుంటేనే వాయిస్తానన్నాడా? తుమ్మేవాళ్ళు తుమ్ముతూనే ఉంటారు. మేళం మోగుతూనే ఉంటుంది. తాళి పడిపోతుంది.

'సరే, నువ్వూ అనుకో, నీకేం కావాలంటే అది అనుకో' అని మనసులోనే ఆ భయానికి చెప్పాడు. వదులవుతున్న వేళ్ళు మళ్ళీ బిగిశాయి.

ఇంతలో ఇంకో చిక్కు వచ్చింది. పెళ్ళికూతురి పూలజడలో పసుపుతాడు చిక్కుకుంది. పెళ్ళికొడుకు లాగేకొద్దీ అది బిగుసుకుంది. ఆడపడుచు జడ పైకెత్తబోయి ఇంకా చిక్కు పెట్టింది. నిమిషంలో అయిపోవాల్సిన మూడు ముళ్ళు నాలుగు నిమిషాలైనా పడలేదు. పురోహితుడి వేలు గాల్లో తిరుగుతూనే ఉంది. మేళం ఆగడానికి వీల్లేదు.

మౌలాలి లేచి నిలబడ్డాడు. కూర్చుని వాయించే మనిషి నిలబడి, సన్నాయి పైకెత్తి, పైస్థాయి అందుకున్నాడు. బుగ్గలు నిండాయి, మెడనరాలు ఉబ్బాయి. దడ ఉంది. తిమ్మిరి ఉంది. చెమట ధారగా కారుతోంది. అన్నీ ఉండగానే స్వరం మీద స్వరం ఎక్కి పోతోంది. సిలారు బావ వంక ఒకసారి చూసి, డోలు మీద మూడేసి దెబ్బల నడకలోకి దిగాడు. కావాలనే దిగాడు. తకిట తకిట తకిట. మౌలాలి ఆ దెబ్బల్ని ఛాతీలో నిండుగా పట్టుకుని వాటి మీదే సన్నాయిని నడిపించాడు. పందిట్లో జనం అక్షింతలు చేతిలో ఉన్న సంగతి మరిచి మేళం వైపు తిరిగారు. రికార్డింగు మనిషి మీట మీది వేలు తీసి తొడ మీద తాళం వేయడం మొదలుపెట్టాడు.

చిక్కు విడింది. మూడో ముడి పడింది. అక్షింతలు వర్షంలా కురిశాయి. పురోహితుడు వేలు దించి, అలసిపోయిన ఆ చేతిని రెండో చేత్తో ఒత్తుకున్నాడు.

రామకోటేశ్వరరావు ముక్కు తుడుచుకుంటూ మేళం దగ్గరికి వచ్చాడు. "సాహెబు గారూ, మా పెద్దమ్మాయి పెళ్ళి మాఘంలో. మీరు రావాలి" అన్నాడు. "ఆ స్పీకర్లు..." అని ఏదో అనబోయి, ఆగి, మనిషిని పిలిచి వైర్లు విప్పించాడు.

డాక్టరమ్మ ఒక పళ్ళెంలో తాంబూలం, బట్టలు పెట్టి తానే తెచ్చి ఇచ్చింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. కూతురి పెళ్ళికి ఏడ్చిందో, మౌలాలిని చూసి ఏడ్చిందో అడిగినవాళ్ళు లేరు. మౌలాలి మాత్రం ఇద్దరి కోసమూ అనుకుని గర్వపడ్డాడు.

సిలారు డోలు దించి, చేతులు దులుపుకుని అడిగాడు. "బావా, భయం పోయిందా?"

మౌలాలి సన్నాయి తుడుస్తూ చెప్పాడు. "లేదురా. ఉంది. ఇప్పుడు కూడా ఏదో అంటూనే ఉంది."

"మరి?"

"అననీ. పైస్థాయిలో రెండోసారి ఎత్తుకున్నప్పుడు నువ్వు కాస్త వెనకబడ్డావు. రేపు పొద్దున్నే రా, సాధన చేద్దాం."

సిలారు జేబులోంచి ఫోను తీసి చీరాల వాళ్ళకు చేశాడు. రెండే మాటలు చెప్పి పెట్టేశాడు. ఆ రోజు బంతిలో బావాబావమరుదులు పక్కపక్కన కూర్చుని భోంచేశారు. మౌలాలి పప్పులో ఆవకాయ కలుపుకుని మారు అడిగాడు. వడ్డించేవాడికి అందులో వింతేమీ కనబడలేదు కానీ, ఆ సంగతి విన్న హుసేనమ్మ ఇంట్లో అందరికీ సేమియా పాయసం వండిపెట్టింది.

నలభై ఎనిమిదో ఏడు వచ్చింది, వెళ్ళింది. ఆ తర్వాత ఏళ్ళూ వచ్చి వెళ్ళాయి. మౌలాలి ఏడాదికి ఒకసారి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి గుండె చూపించుకునేవాడు. మిగిలిన రోజుల్లో భయం వస్తే దాన్ని పందిట్లో ఒక మూల కూర్చోమని, తన మేళం తను వాయించుకునేవాడు. అది కొన్నిసార్లు గట్టిగా అరిచేది, కొన్నిసార్లు నిద్రపోయేది. దాన్ని కనిపెట్టుకుని ఉండే తీరిక అతనికి లేదు. పైపెచ్చు చుట్టుపక్కల ఏ ఊళ్ళో ఏ పెళ్ళి జరిగినా మౌలాలి గట్టిమేళం కోసమే ముహూర్తాలు వెనకాముందూ జరుపుకునేవాళ్ళు.

నీతి: ఒంటికి చేయించాల్సిన వైద్యం చేయించాలి, ఆ తర్వాత మిగిలే భయం పోయేదాకా ఆగకూడదు, అది ఉండగానే మన పని మనం నిండుగా చేసుకుంటూ బతకాలి.